బావగారి అరచెయ్యి

"వదినా, పెద్దన్నయ్య పోయాడు" అని ఆ కబురు నాకు మొదట తెచ్చింది వెరులంలో ఉండే మా ఆడపడుచు. దేవుడు నన్ను క్షమించాలి, నాకు ఏడుపు రాలేదు.

మా బావగారి ఇంట్లో పదేళ్ళు అన్నం తిన్నాను, ఆ మేలు కాదనను. కానీ పేదవాళ్ళ మాట వస్తే చాలు, ఆయన అరచెయ్యి చాపేవారు. "చూడండి, కష్టం! మా తాత చెరుకు కొట్టి పైకొచ్చాడు. వీళ్ళకి బద్ధకం." ఆ చేతిలో ఒక్క కాయ ఉండేది కాదు. కాయలు కాసినవి తాతగారి చేతులు.

తెల్లా నల్లా తేడా లేకుండా అందరికీ ఓటొచ్చిన మొదటిసారి, ఉంజింటో ఊళ్ళో పొద్దుటినుంచీ ఒకే వరసలో నిలబడ్డాం. మా వెనకే మా వంటింట్లో పనిచేసే జూలూ ఆవిడ. "ఓటుకైతే ఎంతసేపైనా నిలబడతారు, పనికి మాత్రం నడుం వంగదు" అని నవ్వుతూ బావగారు మళ్ళీ అరచెయ్యి చాపారు.

రోజూ తెల్లవారకముందే వచ్చి ఆయనకి టీ కాచే మనిషి ఆవిడ. నెమ్మదిగానే అంది: "మా తాత కూడా మీ తాత పక్కనే చెరుకు కొట్టాడు, బాస్. తెల్లదొరలు మీ తాతని ఊళ్ళో కొట్టు పెట్టుకోనిచ్చారు. మా తాతని చీకటి పడితే ఊళ్ళో ఉండనివ్వలేదు."

"రేపట్నుంచి పనిలోకి రాకు" అన్నారు బావగారు.

ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ మాట నేను పైకి అనలేదు.

బావగారికి దీపం పెట్టడానికి కొడుకులున్నారు. మీరు దండం పెట్టుకునేటప్పుడు ఆవిడని ఒకసారి తలుచుకోండి.