నిన్ను కాదు, నీకు

మా మావయ్యగారు రిటైరయ్యాక మొక్కలు పెంచుకుంటారనుకున్నాను. గ్రీకు పెట్టుకున్నారు. చర్చిలో పెద్ద కాబట్టి కొత్త నిబంధనను మూలభాషలోనే చదవాలట. ఫోనులో క్లాసులు, భోజనాల దగ్గర వల్లెవేతలు. అందులో 'అఫియేమి' అనే ఒక్క క్రియ ఈ వర్షాకాలమంతా నా ప్రాణం తీసింది.

జాలర్లు వలలు విడిచిపెట్టినా అఫియేమే, జ్వరం వదిలినా అఫియేమే. భార్యను వదిలేసినా, పిల్లల్ని రానిచ్చినా, తప్పు క్షమించినా అదే.

"మన వదిలెయ్యడమే కదండీ, దానికింత హడావిడి ఎందుకండీ?" అన్నాను ఒకరోజు, పెనం మీద అట్టు వేస్తూ.

"అంత తేలిగ్గా తీసెయ్యకమ్మా. క్షమించడమైతే తప్పుకి 'ను' పడాలి, మనిషికి 'కు' పడాలి. 'నీకు నీ తప్పును వదిలేశాను' అన్నట్టు. మనిషికే 'ను' తగిలించేవో, ఆ మనిషిని విడిచిపెట్టేసినట్టే."

"ఆయ్" అన్నాను. అట్టు అప్పటికే మాడింది.

నా ఒళ్లు మండేది అందుకు కాదు. క్షమాపణ గురించి ఇంత చెప్పే మనిషి, ఓడలరేవులో ఉన్న సొంత తమ్ముడితో ఏళ్ల తరబడి మాట్లాడరు. వాళ్లమ్మగారి భూస్థాపనకి ఆయన రాలేదని కోపం. ఎందుకు రాలేదో ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ మౌనవ్రతం చూసి చూసి నాకు విసుగొచ్చింది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నమావయ్యగారే వచ్చారు. బాగా చిక్కిపోయారు. చెప్పులు విప్పకుండా వరండా మెట్ల దగ్గరే నిలబడ్డారు.

"అమ్మని మట్టిలో పెడుతుంటే చూళ్ళేక రాలేదన్నయ్యా. తప్పే. ఇంక వదిలెయ్యి."

మావయ్యగారు గబుక్కున కుర్చీలోంచి లేచారు. "నిన్నెప్పుడో వదిలేశాన్రా" అన్నారు.

చిన్నమావయ్యగారి ముఖం పాలిపోయింది. తలూపి, గేటు వైపు తిరిగారు. తమ్ముడు ఎందుకు వెళ్లిపోతున్నాడో ఈయనకు అర్థం కాలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. వర్షాకాలమంతా నా చెవులు తినేసి, తీరా అవసరమైన పూట మనిషికి 'ను' తగిలించారు!

"'ను' కాదండీ మావయ్యగారూ, 'కు'!" గరిటె చేత్తోనే వరండాలోకొచ్చి అరిచాను. ఆయన మీద గొంతు లేపడం అదే మొదటిసారి.

మావయ్యగారు ఉలిక్కిపడ్డారు. చెప్పుల్లేకుండానే గేటు దాకా పరిగెత్తారు.

"నీకురా... నీకు వదిలేశాను. నిన్ను కాదు" అంటూ తమ్ముడి చొక్కా పట్టుకున్నారు. ఆ చొక్కా మాత్రం వదల్లేదు.