ఐదు వేళ్ల అచ్చు

ఆమె పని కట్టుడు పళ్లు చేయడం. దంతవైద్యులు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మొహం తెలియని మనుషుల దవడలను బల్ల మీద వరుసగా పేర్చుకుంటుంది. పద్దెనిమిదేళ్లు కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. అందుకే నలభై రెండో ఏట పరుగు మొదలుపెట్టింది. రోజూ తెల్లవారగానే కాలువ గట్టు మీద ఐదు కిలోమీటర్లు.

మొదటి నెల ఆయాసం తప్ప ఏమీ కనిపించలేదు. ఊపిరి కుదురుకున్నాక కొంగలు కనిపించాయి, లకుముకి పిట్టలు కనిపించాయి. ఒకరోజు పాత తూము దగ్గర మీసాల తల ఒకటి నీళ్లలోంచి లేచి, చేపను రెండు చేతులా పట్టుకుని కరకరా నమిలింది. నీటికుక్క. వెనకాలే రెండు పిల్లలు.

ఆ వారమే గట్టు మీద బోర్డు పెట్టారు. సోమవారం నుంచి కాలువ పొడవునా కాంక్రీటు గోడ. నీటికుక్క బొరియ సరిగ్గా ఆ గోడ కిందికే వస్తుంది. ఆమె కాలువల ఆఫీసుకు వెళ్లింది.

"పందికొక్కును చూసుంటారు మేడమ్," అన్నాడు ఇంజనీరు. "ఫొటో ఉందా?"

"పరిగెత్తేటప్పుడు ఫోను తీసుకెళ్లను సార్."

"మరి నన్నేం చేయమంటారు?"

మర్నాటి నుంచి ఫోను తీసుకెళ్లింది. రెండు రోజులు అవి తల ఎత్తలేదు. బురదలో అడుగులైతే ఉన్నాయి కానీ, ఫొటోలో బురద బురదలాగే పడింది.

ఇంట్లో ఈ సంగతి విని అత్తగారు పగలబడి నవ్వింది. "ఊళ్లో అందరి నోళ్లకీ అచ్చు పోస్తావు కదే అమ్మాయ్! దాన్నీ ఓసారి నోరు తెరవమను."

"నోరెందుకు అత్తయ్యా, కాలు చాలు!" అంది కోడలు, సగం తాగిన టీ వదిలేసి లేస్తూ.

గురువారం ప్లాస్టర్ పొడి మూట నడుముకు కట్టుకుని పరిగెత్తింది. అలవాటు కొద్దీ పంటి సందుల్లోకి పారేంత పలచగా కలిపి, బురదలోని అడుగులో పోసింది. అది బురదలోకి జారిపోయి, ఎత్తగానే ముక్కలైంది. శుక్రవారం ప్లాస్టిక్ సీసాను రింగులా కోసి అడుగుజాడ చుట్టూ కట్టలా దిగేసి, చిక్కగా పోసింది. గట్టిపడేదాకా పక్కనే గొంతుక్కూర్చుంది.

కడిగిన అచ్చును ఇంజనీరు బల్ల మీద పెట్టింది. ఐదు వేళ్లు. వేళ్ల మధ్య పల్చటి పొర.

"మీ పందికొక్కుకి ఇంత పాదం, ఈ పొర ఉంటాయా సార్?"

 ఇంజనీరు అచ్చును అటూ ఇటూ తిప్పాడు. "రేపు నేనూ వస్తాను. మరీ వేగంగా పరిగెత్తకండి."

శనివారం అతను రొప్పుతూ తూము చేరేసరికి ఆమె అప్పటికే నేల మీద బోర్లా పడుకుని ఉంది. వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. తల్లి చేపను గట్టుకు లాగుతోంది. పిల్లలు దానికోసం కొట్టుకుంటున్నాయి.

"రెండు కాదు మేడమ్," అతని గొంతు గుసగుసలోనే ఎగిరిపడింది, "మూడు! అదిగో, మూడోది!"

అక్కడే మోకాలి మీద నక్షా పరిచి, తూముకు అటూ ఇటూ రెండేసి వందల మీటర్ల గోడను ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.