అమ్మ ఎదురు రాని ఉద్యోగం

ఇంటర్వ్యూకి బయల్దేరే ప్రతి ఉదయం మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. నేను చెప్పులు వేసుకుంటూ ఆ తలుపుకే వెళ్ళొస్తానని చెప్పేదాన్ని. లోపలి నుంచి "ఊఁ" అని వినపడేది. వెళ్ళమని నోటితో అనడానికి కూడా అమ్మకి భయమేమో అనుకునేదాన్ని.

నాన్న పోయాక ఆయన ఉద్యోగం అమ్మకిచ్చారు. ఒడిశాలో మా ఊరు రాయగడ మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని. తెల్లారకముందే బజారు రోడ్డుకి వెళ్ళి, పొద్దెక్కాక ఇంటికొచ్చేది. ఆ జీతంతోనే నన్ను గుణుపురంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివించింది. నా ఇంటర్వ్యూ ఉన్న రోజున తోటిపనివాళ్ళ చేతులు పట్టుకుని డ్యూటీ మార్చుకునేది. ఇంట్లో ఉండి, నాకిష్టమైన కూర వండి, అన్నం పెట్టి, ఆ తర్వాత దాక్కునేది.

మా వీధిలో అందరం తెలుగువాళ్ళమే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. వస్తూ వస్తూ చేటలూ రోళ్ళతో పాటు శకునాలు కూడా తెచ్చుకున్నారు. మంచి పని మీద వెళ్ళేవాళ్ళకి ముత్తైదువ నీళ్ళబిందెతో ఎదురు రావాలి. భర్త పోయిన మనిషి కంటపడకూడదు. కన్నతల్లయినా మినహాయింపు లేదు.

అందుకని నాకు ఎదురు రావడం ఎదురింటి పెద్దమ్మ వంతయింది. ఆవిడ భర్త ట్రాక్టరు డ్రైవరుగా రిటైరై, రోజంతా అరుగు మీద బీడీలు కాలుస్తూ నిక్షేపంగా ఉన్నాడు. ఆయన అలా దగ్గుతూ కూర్చున్నంతకాలం పెద్దమ్మ ఎదురుకి వీధిలో తిరుగులేదు. పరీక్షలకెళ్ళే పిల్లలు, పెళ్ళిచూపులకెళ్ళేవాళ్ళు, కొత్త ఆటో తెచ్చుకున్నవాళ్ళు అందరూ ముందురోజే చెప్పిపెట్టుకోవాలి. నేను గుమ్మం దిగే సమయానికి ఆవిడ కుళాయి దగ్గర నుంచి నిండుబిందెతో గంభీరంగా నడిచొచ్చేది. అంతకుముందు ఓసారి బీడీ పొగలోంచి మొగుణ్ణి కసురుకునే గొంతు వినపడేది గానీ, బిందె చంకనెక్కాక మాత్రం సాక్షాత్తూ మహాలక్ష్మే.

ఇంత చేసినా ఉద్యోగం రాలేదు. కాలేజీకొచ్చిన కంపెనీలకి కంప్యూటర్ పనివాళ్ళు కావాలి, కరెంటు చదివినవాళ్ళు అక్కర్లేదు. జయపురంలో ఒకాయన నా మార్కులు చూసి మెచ్చుకుని, ఆడపిల్లని రాత్రి షిఫ్టులో వెయ్యలేమన్నాడు. రాత్రి షిఫ్టు కావాలని నేనే అడిగాను, నవ్వి టీ ఇచ్చి పంపాడు. విశాఖపట్నం వెళ్తే మీది ఒడిశా కదా అన్నారు. భువనేశ్వర్ వెళ్తే నా ఇంటిపేరు రెండుసార్లు చదువుకుని, తెలుగువాళ్ళా అన్నారు. రెండు చోట్లా మర్యాదగానే అడిగారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చదివిన చదువంతా ఎవరికీ అక్కర్లేని సామానులా ఒళ్ళో పెట్టుకుని వచ్చేదాన్ని. ఆ ప్రయాణాల్లో నాకు ఏడుపొచ్చేది. పక్కవాళ్ళు చూస్తారని ఆపుకునేదాన్ని.

పెద్దమ్మ మాత్రం తన ఎదురుని ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఒకసారి పిల్లి అడ్డమొచ్చిందంది, ఇంకోసారి నూనె డబ్బా పట్టుకుని ఎవరో పోయారంది. పిల్లులూ నూనె డబ్బాలూ అయిపోయాక, ఒకరోజు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగింది.

"అమ్మీ, నువ్వెల్లినప్పుడు మీయమ్మ కిటికీ కాడ నిలబడి సూస్తందేటి?"

నేను లేదని గట్టిగానే చెప్పాను. ఆ కోపం అక్కడితో చల్లారక ఇంటికొచ్చి గిన్నెల మీద కూడా చూపించాను. అమ్మ ఏమైందని అడగలేదు. గోడలు పల్చటివి, వినే ఉంటుంది. ఆ తర్వాతి ఇంటర్వ్యూ రోజున వంటింట్లో కూడా లేదు. అన్నం వడ్డించి, పెరటి దారిన మున్సిపాలిటీ షెడ్డుకి వెళ్ళిపోయింది. ఖాళీ ఇంటికి తాళం వేసి నేను వీధిలోకి దిగితే, బిందెతో పెద్దమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. నాకు ఉద్యోగం కావాలి, నిజమే. కానీ ఆ రోజు నుంచి అంతకంటే గట్టిగా ఇంకొకటి కావాలనిపించేది. ఒక్కసారి, ఒక్క మంచి పనికి, నేను మా అమ్మ ముఖం చూసి బయల్దేరాలి. ఈ మాట అమ్మతో అంటే నీకు మతిపోయిందా అంది.

చివరికి ఉద్యోగం ఎలా వచ్చిందో చెబితే నవ్వొస్తుంది. కొండల మీదున్న సెమిలిగుడలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడని, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ పనులు చేయిస్తాడని తెలిసి దరఖాస్తు పంపాను. ఒకరోజు మధ్యాహ్నం అక్కడి ఇంజనీరు ఫోన్ చేశాడు. మా ఇంట్లో సిగ్నల్ పెరట్లో బట్టలుతికే బండ దగ్గరే వస్తుంది. బండ మీద కూర్చుని మాట్లాడుతున్నాను, ఎదురుగా అమ్మ బూడిదతో గిన్నెలు తోముతోంది. పెద్ద మోటారు పాడైతే ముందు ఏం ముట్టుకుంటావని హిందీలో అడిగాడు. ముందు ఏమీ ముట్టుకోనన్నాను. సప్లై ఆపి, మళ్ళీ ఎవరూ వెయ్యకుండా తాళం వేసి, కరెంటు లేదని చూసుకున్నాకే ముట్టుకుంటానన్నాను. ఆ జవాబు విన్నాక, ఇక్కడి చలిని తట్టుకోగలవా అని అడిగాడు. నాకు ముందు చేరిన అబ్బాయిలిద్దరూ ఆ చలికి దండం పెట్టి ఇళ్ళకి వెళ్ళిపోయారట. సోమవారం వచ్చెయ్యమన్నాడు. కొన్ని నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటారు.

ఫోన్ పెట్టేసి అమ్మా, నువ్వు నా ఎదురుగానే ఉన్నావు అన్నాను. అమ్మ ముఖం తెల్లబోయింది. బూడిద చేత్తోనే నా నోరు మూసి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. ఉద్యోగం వచ్చిన సంగతి సాయంత్రానికి వీధంతా తెలిసింది. కిందటి నెల తను వచ్చిన ఎదురు ఇప్పటికి పనిచేసిందని పెద్దమ్మ తేల్చేసింది. సోమవారం నేను పెట్టెతో దిగినప్పుడు ఎదురొచ్చిందీ ఆవిడే. అమ్మ షెడ్డులో ఉంది.

సెమిలిగుడ పెద్ద ఊరేం కాదు. రోడ్డు, రోడ్డుకి రెండు వైపులా కొట్లు, రోడ్డు మీద లారీలు. టైర్ల కొట్టు వెనక సందులో నాకో గది దొరికింది. పొద్దున్నే పొగమంచులో ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడదు. పనిలో మేస్త్రీలతో ఒడియా, ఇంజనీర్లతో హిందీ. సంతలో కూరలమ్మే కొండ ఊళ్ళ ఆడవాళ్ళ దేశియా మాటలు సగం అర్థమయ్యేవి, మిగతా సగానికి నవ్వేదాన్ని. తెలుగు ఫోన్లో అమ్మతో మాట్లాడే పది మాటలకే మిగిలింది. పనివాళ్ళు నన్ను మేడమ్ అనేవారు. మేడమ్ అన్నాక ఇంక మాట్లాడరు, మధ్యాహ్నం వాళ్ళంతా ఒకచోట కూర్చుని తింటారు. నేను ప్యానెల్ గదిలో స్టూలు మీద డబ్బా తెరుచుకుని, ట్రాన్స్‌ఫార్మర్ రొద వింటూ తినేదాన్ని. ఒంటరితనం అంటే ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని. చుట్టూ ఇంతమంది ఉండి, నేను తిన్నానో లేదో ఎవరికీ పట్టకపోవడమని అక్కడే తెలిసింది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున గది తాళం వేశాక వెంటనే కదలలేకపోయేదాన్ని. సందు చివర నుంచి ఎవరైనా వస్తారేమోనని నిలబడేదాన్ని. లారీ క్లీనరు పళ్ళు తోముకుంటూ వచ్చేవాడు, లేకపోతే మేక వచ్చేది. ఇంజనీరింగ్ చదివి మేక ఎదురు కోసం నిలబడ్డావా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మళ్ళీ మర్నాడు నిలబడేదాన్ని.

అలా కొన్ని నెలలు గడిచాక, నన్ను ఉంచుకోవాలో వద్దో తేల్చే రోజొచ్చింది. ఒక ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు మా వాళ్ళే చేశారు. దానికి మళ్ళీ కరెంటు ఇచ్చే పని మొత్తం నా చేతుల మీదుగా జరగాలని, కాంట్రాక్టరు స్వయంగా వచ్చి చూస్తాడని చెప్పారు. అన్ని పరీక్షలూ చేశాను, కాయితాల మీద అన్నీ బాగానే ఉన్నాయి. అయినా భయం వేసింది. ఆ భయం చెప్పుకోవడానికి అమ్మకి ఫోన్ చేశాను. ఎప్పుడని మాత్రం అడిగింది.

ముందురోజు సాయంత్రం గది తలుపు దగ్గర అమ్మ సంచితో నిలబడి ఉంది. సెలవు పెట్టి, రైల్లో కొరాపుట్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో, దారి అడుక్కుంటూ వచ్చింది. జీవితంలో ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. నేను వణుకుతుంటే తన దుప్పటి కూడా నాకే కప్పి, ఈ ఊళ్ళో మనుషులెలా బతుకుతున్నారని తెగ విసుక్కుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నేను కంటినిండా నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి గదిలో అమ్మ లేదు. అన్నం వండి మూతపెట్టి ఉంది. పిలిచాను, పలకలేదు. నా మనసు ముక్కలైపోయింది. ఇంత దూరం వచ్చి కూడా దాక్కుందా అనుకున్నాను. ఇక్కడ షెడ్డు కూడా లేదు, ఆ చలిలో ఏ గోడ చాటున నిలబడి ఉందో! అన్నం నోట్లోకి పోలేదు. బూట్లు తొడుక్కుని, హెల్మెట్ చేత పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, ఈసారి ఎవరి కోసమూ ఆగకుండా నడిచాను.

సందు మలుపులో బోరింగు ఉంది. ఆ పక్క నుంచి పొగమంచులో ఒక మనిషి వస్తోంది. గదిలో బిందె లేదు కాబట్టి నా ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని, ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది. తల దువ్వుకుంది, పెట్టెలో మడత పెట్టి దాచుకునే ఆకుపచ్చ చీర కట్టుకుంది. బొట్టు పెట్టుకోలేదు, ఇంకెవరిలాగో కనపడాలని చూడలేదు. మా అమ్మ మా అమ్మలాగే, తలెత్తి, నా ముఖంలోకి సూటిగా చూస్తూ నాకెదురొచ్చింది.

నేను ఆగిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆగీకమ్మీ," అంది అమ్మ. "ఎల్లు."

ఎదురొచ్చినవాళ్ళతో మాట్లాడకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. నేను ఆ రెండూ పాటించాను. బకెట్‌లోంచి నీళ్ళు తొణికి నా బూటు మీద పడ్డాయి, ఫ్యాక్టరీ దాకా కాలు చల్లగానే ఉంది.

పని సవ్యంగానే అయింది. అందరినీ ట్రాన్స్‌ఫార్మర్ కంచె గేటు బయటికి పంపించి, మరమ్మతప్పుడు కట్టిన ఎర్త్ తీగలు తీశారో లేదో నేనే మరోసారి చూసి, స్విచ్ వెయ్యమన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి గట్టిగా మూలిగి, తర్వాత సన్నగా పాడుకుంటూ ఉండిపోయింది. కాంట్రాక్టరు గడియారం చూసుకుని, అమ్మాయిని ఉంచెయ్యండని మా ఇంజనీరుకి చెప్పి కారెక్కాడు. నా ముఖం కూడా సరిగ్గా చూడలేదు. చూడాల్సినవాళ్ళు పొద్దునే చూశారు కాబట్టి నాకేం బాధ కలగలేదు.

సాయంత్రం అమ్మకి చెప్పాను. విని, వంకాయలు తరుక్కుంటూ తలూపింది. అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళూ భయపడ్డావు కదా, ఇవాళ భయం వెయ్యలేదా అని. ఉద్యోగం పోతే ఏమయ్యేదని కూడా అడిగాను.

"నాకేటి బయం?" అంది అమ్మ. "నాను కన్న బిడ్డకి నా సూపు సెడుపు సేస్తాదేటి? నీకు పని కాకపోతే వీదిలో వోల్లు నన్నంటారు, ఆ మాట నువ్వు ఇనాల. ఇక్కడ నన్నెవులెరుగుదురమ్మీ?"

అమ్మ శకునాన్ని నమ్మి దాక్కుంటోందనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి వీధి నుంచి దాక్కుంది. తన పేరూ తన బతుకూ ఎరిగిన సొంత వీధిలో కూతురికి ఎదురు రాలేక, ఎవరూ ఎరగని ఊరు దాకా రైలెక్కి వచ్చింది. మర్నాడు అమ్మని బస్సెక్కించి గదికొచ్చాక చాలాసేపు ఏడ్చాను.

రెండు నెలల తర్వాత మా ఇంజనీరు పిలిచి శుభవార్త అన్నాడు. రాయగడలో మిల్లు పని మా వాళ్ళకి దొరికింది. అక్కడికి వేస్తాను, ఇంట్లోంచే డ్యూటీకి వెళ్ళొచ్చు, ఒంటరిగా ఈ చలిలో ఎందుకన్నాడు. వేడి అన్నం, తెలుగు మాట, అమ్మ పక్కన పడక, అన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. సరే అనబోయాను. తర్వాత మా ఇంటి పొద్దున్న గుర్తొచ్చింది. నేను చెప్పులు వేసుకుంటాను, ఎదురింట్లో పెద్దమ్మ బిందె తీస్తుంది, అప్పుడే పని నుంచొచ్చిన అమ్మ వంటింట్లోకి వెళ్తుంది. ఎప్పుడో ఒక ఇంటర్వ్యూకి కాదు, రోజూ.

నాకు ఇక్కడే బాగుందని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

ఇంటి పక్కన ఉద్యోగం కాలదన్నుకున్నానని వీధిలో ఇప్పటికీ అంటారు. చదువుకున్న పొగరని పెద్దమ్మ అందట. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, వద్దన్నానని అమ్మకి చెప్పాను. ఎందుకని అడుగుతుందనుకుని, చెప్పడానికి ఏదో అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. దాని అవసరం రాలేదు.

"సర్లే," అంది అమ్మ. "వొచ్చీ నెల్లో రెండ్రోజులు సెలవెడతాను."