పదిహేను గంటల దారి

మా బాబాయి టికెట్ల కొట్టులో కుర్చీలు రెండే, గ్లోబు ఒకటి. ఎవరొచ్చినా కంప్యూటరు తెరవకముందే ఆయన ఎర్ర దారం తీసేవాడు. బయల్దేరే ఊరి మీద ఒక కొస, దిగే ఊరి మీద ఇంకో కొస బిగించి, స్కేలు మీద పెట్టి కొలిచేవాడు.

"పదకొండు వేల కిలోమీటర్లు. గాలి మనవైపు ఉంటే పన్నెండున్నర గంటలు, ఎదురైతే పద్నాలుగు. ఏముందమ్మా, రెండు భోజనాలు, ఒక కునుకు!" అని ఆ దారం ముక్క కత్తిరించి చేతిలో పెట్టేవాడు. మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు దాన్ని పర్సులో దాచుకునేవారు. అరచేతిలో ఇమిడే దూరానికి ఇంక భయమెందుకు?

ఇంత చెప్పే మనిషి జన్మలో విమానం ఎక్కలేదు. రెండో అంతస్తు మెట్ల మీంచి కిందికి చూస్తేనే కళ్లు తిరిగే బాపతు. ఆ సంగతి కొట్టులో పనిచేసే నాకూ, ఇంట్లో పిన్నికీ తప్ప ఎవరికీ తెలియదు.

దూరదేశంలో టీచరుగా పనిచేసే మా అత్త, అంటే బాబాయికి అక్క, "ఒక్కసారి వచ్చి నా ఇల్లు చూడరా" అని పదకొండేళ్లుగా పిలుస్తూనే ఉంది. ఈయన సీజను అంటాడు, కొట్టు ఎవరు చూస్తారంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! కొట్టు చూసేది నేనేగా.

ఈ ఏడు అత్తకు మోకాలి ఆపరేషను ఖాయమైంది. ఫోనులో ఒకటే మాట అంది.

"నువ్వు పక్కన లేకుండా ఆ బల్ల ఎక్కను. మోకాలు ఇలాగే అరిగిపోనీ."

అత్త అన్నంత పనీ చేసే మనిషి. బాబాయి ఫోను పెట్టేసి గ్లోబు ముందుకు లాక్కున్నాడు. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలొచ్చాయి. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. చివరికి దారం లాక్కుని నేనే కొలిచాను.

"పదమూడు వేలు బాబాయ్. పదిహేను గంటలు. రెండు భోజనాలు, ఒక కునుకు."

"నోర్ముయ్యవే! కిటికీకి దూరంగా సీటు చూడు."

భోజనాలు రెండూ ముట్టలేదట, కునుకు ఊసే లేదట. పక్క సీటు ముసలావిడ చేయి పట్టుకుని దిగేదాకా వదల్లేదట. "పాపం, ఆవిడ భయపడుతుంటేనూ!" అని ఇప్పటికీ బుకాయిస్తాడు.

విమానాశ్రయం బయట అత్త చేతికర్ర ఊతంగా నిలబడి ఉంది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి అడిగింది.

"పదిహేను గంటల దారికి పదకొండేళ్లు పట్టిందేంరా?"

ఊరందరికీ నిమిషాలతో సహా చెప్పే మనిషికి ఈసారి సీజనూ గుర్తురాలేదు, కొట్టూ గుర్తురాలేదు.

"భయమేసిందక్కా," అన్నాడు.

అత్త ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ఓరి పిచ్చి సన్నాసీ! నేనంటే నీకు లెక్కలేదనుకున్నాను కదరా ఇన్నేళ్లూ. ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, నేనే వచ్చి చేయి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని."