సగం పుస్తకం, ట్రే నిండా పురుగులు

ఏలూరులో మంచి అద్దె ఇల్లు వెతుక్కోవడానికి మాకు మూడు నెలలు పట్టింది. అది చేజారిపోయేదాకా తెచ్చుకోవడానికి నాకు రెండే వస్తువులు సరిపోయాయి: సగం చదివిన లైబ్రరీ పుస్తకం, ఒక ప్లాస్టిక్ ట్రే. ఆ ఘనకార్యం గురించి మీరు అడగకపోయినా చెబుతాను.

అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది. ఇంటావిడ రత్తమ్మగారు కింద, మేము మేడమీద. ఇల్లు ఇచ్చిన రోజు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"మీరేం వండుకున్నా నేనడగనండీ. పురుగు మాత్రం రాకూడదు. నా బియ్యానికి ఇన్నేళ్ళలో పురుగు పట్టలేదు."

పెదపాడు చేలో పండిన ఏడాది బియ్యం ఆరు బస్తాలు మెట్లకింద గదిలో ఉండేవి. ర్యాంకు తెచ్చుకున్న కొడుకుని చూసినట్టు ఆవిడ వాటిని చూసుకునేవారు. "అలాగేనండీ" అన్నాను. అన్న నెలకే పురుగులు కొనడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను.

మా శారద ముచ్చటపడి రెండు లవ్ బర్డ్స్ తెప్పించుకుంది. పిట్టలు ఇంటికొస్తే మామూలు మనుషులు గింజలు తెస్తారు. నేను పుస్తకం తెచ్చాను. పక్షులకు బతికున్న పురుగులు ఎంత బలమో, మీల్‌వార్మ్స్ అనే పసుపుపచ్చ పురుగుల్ని గోధుమ పొట్టులో వేసి ఇంట్లో ఎలా పెంచుకోవచ్చో అందులో ఉంది. సగంలో ఉండగా గడువైపోయి తిరిగిచ్చేస్తే, ఎవరో పట్టుకుపోయారు. అయితేనేం! అసలేమీ చదవని ఊరందరికంటే సగం చదివిన నేను రెండు నిలువుల ఎత్తున ఉన్నానని నా నమ్మకం.

గూడెంలో పిట్టలమ్మే షాపతను పెద్ద చేపల కోసం తెప్పించిన పురుగుల డబ్బా ఇస్తూ నసిగాడు.

"లవ్ బర్డ్స్‌కి కొర్రలు చాలండీ. పురుగులంటే మరి..."

"ప్రొటీనండీ, ప్రొటీన్! మీరు పుస్తకాలు చూసినట్టు లేదు."

"లేదండీ. పిట్టల్ని చూస్తానండీ."

పాపం, అతని మీద నాకు జాలేసింది.

ట్రేలో పొట్టు పోసి, పురుగులు వేసి, క్యారెట్ ముక్కలు పెట్టి మంచం కిందికి తోశాను. రోజూ నాలుగు తీసి పంజరంలో వేస్తే, ఆడిట్ వాళ్ళు రాగానే మా ఆఫీసంతా ఫైళ్ళ వెనక్కి చేరినట్టు పిట్టలు రెండూ పైమూలకి పోయి ముడుచుకునేవి.

"ఏవండీ, అవి భయపడుతున్నాయండీ."

"అలవాటు పడతాయి శారదా. చదువులేని జీవాలు కదా."

అలవాటు పడలేదు. కొన్నాళ్ళకి పురుగులే పాలిపోయి, వంకర తిరిగి, బిగుసుకుపోయాయి.

"పోయాయి శారదా! ఒక్కటీ మిగల్లేదు."

"ఇంతకీ పారేస్తారా, తద్దినం పెడతారా?"

పారేయడానికి నాకు మనసొప్పలేదు. పెరట్లో రత్తమ్మగారి కోళ్ళు తింటాయి కదా అని, పురుగులతో సహా పొట్టంతా మెట్లకింద గదిలో వాటికోసం ఉంచిన తవుడు బస్తాలో కుమ్మరించాను. చెప్పి చేస్తే ఉపకారం ఏముంది? చెప్పకుండానే చేశాను. పక్కనే ఆరు బియ్యం బస్తాలున్నాయన్న సంగతి పుస్తకంలో లేదు కాబట్టి నాకు తట్టలేదు.

మూడువారాల తర్వాత పొద్దున్నే కిందనుంచి కేక. "అయ్యో, నా బియ్యం!"

పరుగెత్తాం. నల్లటి రెక్కపురుగులు బియ్యం బస్తాలమీద విడిదింట్లో పెళ్ళివారిలా తిరుగుతున్నాయి.

"బియ్యం ఆడించిన ఆ మిల్లువాణ్ణి ఊరుకోను!" అంటూ రత్తమ్మగారు ఫోను తీశారు.

నేను తవుడు బస్తాలోకి తొంగిచూశాను. పాలిపోయి బిగుసుకున్న ఒకదాని చర్మం చీల్చుకుని నిక్షేపంలాంటి రెక్కపురుగు బయటికొస్తోంది. ఇక్కడ నేను నోరు మూసుకుంటే మిల్లువాడు నాలుగు తిట్లు తినేవాడు, అంతటితో సరి. కానీ అంత జ్ఞానం కళ్ళముందే విచ్చుకుంటుంటే చదువరి అన్నవాడు ఎలా ఊరుకుంటాడో మీరే చెప్పండి.

"శారదా! చచ్చిపోలేదే! అవే ఇవి!"

రత్తమ్మగారు చెవి దగ్గరి ఫోను దించారు. "ఏవి బాబూ చచ్చిపోనివి?"

శారద తల పట్టుకుంది.

అంతా విన్నాక ఆవిడ కేకలేమీ వెయ్యలేదు. అందుకే మరీ భయమేసింది. "ఆదివారం సాయంత్రానికి ఆరు బస్తాలూ చెరిగి శుభ్రం చేసిపెట్టండి. ఆ తర్వాత ఒక్కటి కనబడిందా, సోమవారం సామాను సర్దుకుందురుగాని" అన్నారు.

రెండ్రోజులు పెరట్లో ఎండలో చేట పట్టుకుని కూర్చున్నాం. శారద చెరిగితే పురుగులు పక్కకి పోయేవి. నేను చెరిగితే బియ్యం పక్కకి పోయి పురుగులు నా ఒళ్ళో పడేవి. కోళ్ళు మాత్రం నా చుట్టూనే తిరిగేవి. నా పనితనాన్ని మెచ్చుకున్నది అవే.

ఆదివారం రత్తమ్మగారు దోసిలి దోసిలి పైకెత్తి చూశారు. ఆఖరి బస్తా కూడా అయిపోయి ఇక లేవబోతుండగా, సరిగ్గా ఆవిడ పాదం పక్కన, బియ్యంలోంచి ఒక నల్లటిది తీరిగ్గా నడుచుకుంటూ బయటికొచ్చింది. శారద నా చెయ్యి నలిపేసింది. ఎర్రపెట్ట వచ్చి, టక్కున ముక్కున కరుచుకుని పోయింది.

ఆవిడ చూశారు. చూశారని నాకు తెలుసు.

"నాకేం కనబడలేదండీ" అన్నారు, పెట్టవంకే చూస్తూ. "ఈమధ్య ఇది గుడ్లు బాగా పెడుతోంది."

ఇల్లు నిలబడింది. వారం తర్వాత లైబ్రరీకి పుస్తకం తిరిగొచ్చింది. నేను ఆపిన పేజీ తిప్పగానే తగిలిన మొదటి ముక్క ఏమిటంటే, లవ్ బర్డ్స్ లాంటి గింజలు తినే చిన్న చిలుకలకి ఈ పురుగులతో పనే లేదని, కొర్రలు చాలని!

అందుకని ఇకమీదట ఆఖరి పేజీ చదవకుండా ఏ ప్రాణినీ గడప దాటించనని లైబ్రరీ కార్డు మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. కార్డు ఇప్పుడు శారద బీరువాలో ఉంది. ప్రమాణం కోసమని బతిమాలితే తీసి, అయిపోగానే మళ్ళీ లాక్కుని లోపల పెట్టేసింది.