రెండు నిమిషాల హాజరు

ఫోను తీగ ఊడదీసి మళ్లీ గుచ్చితే చిన్నగా ‘టిక్’మంటుంది. కాసేపటికి పచ్చ దీపం వెలుగుతుంది. ఈ ఉదయం ఆ చప్పుడు వినగానే సరోజక్క గుర్తొచ్చింది, వెనకే పాత కడుపుమంట కూడా.

రెడ్డియార్‌పాళయంలోని మా చిన్న కంపెనీ ఆస్పత్రులకూ అంగళ్లకూ ఇంటర్నెట్ ఫోన్లు పెడుతుంది. ప్రతి ఫోనూ మా సర్వరుకు ‘ఇక్కడే ఉన్నా’నని హాజరు చెప్పుకోవాలి. ఆ హాజరుకు గడువుంటుంది. మొదటి సర్వరు పడిపోతే, గడువు తీరగానే ఫోన్లు రెండో సర్వరుకు హాజరు చెప్పి బతికిపోతాయి. మా సీనియరు సరోజక్క గడువు రెండు నిమిషాలే పెట్టింది. అది చాలదని రోజూ తొమ్మిదింటికి ప్రతి ఆఫీసుకూ తనే ఫోను చేసి, “ఉండారా?” అని అడిగేది. మా ఆఫీసుకు ఎవరు ఫోను చేసినా “సరోజక్క ఉందా?” అనేవారు. ఎత్తింది నేను! పదేళ్లుగా నేను!

సర్వర్ల సెట్టింగులు నా చేతికొచ్చాక, హాజరుల రద్దీ తగ్గించి మెప్పు కొట్టేద్దామని గడువు ఒక రోజుకు పెంచాను, ఆమెకు చెప్పకుండా. తెర మీద రద్దీ చూపే గీతలు నిద్రపోయాయి. “భేష్ మురళీ!” అన్నాడు ఓనరు. ఆ వారమంతా నేల మీద నడవలేదు.

తర్వాతి సోమవారం మొదటి సర్వరు కాలిపోయింది. రెండోది చక్కగా ఉంది, కానీ ఒక్క ఫోనూ దాని దగ్గరికి రాలేదు. రేపటిదాకా గడువుందని వాటి ధీమా. ఇందిరా నగర్ డయాలసిస్ సెంటర్లో ఫోను మోగడం లేదని సరోజక్క తొమ్మిదింటి పలకరింపులోనే తేలింది. రోగులు పిలుస్తున్నారు, అక్కడ మోగదు.

ముందు అక్కడికే బయల్దేరాం. స్కూటరు మీద ఆమె వెనక కూర్చున్నాను.

“గడువు మార్చిందెవురురా?”

“కీబోర్డు మీద బల్లి పాకిందక్కా. నా కళ్లారా...”

“బల్లి బాగా ఇంగ్లీషు చదువుకునిందే. కత తర్వాత చెప్పు. ముందు తీగలు పీకుదాం.”

తీగ పీకి గుచ్చితే ఫోను కొత్తగా హాజరు చెప్పుకుంటుంది. పద్నాలుగు ఫోన్లలో పదకొండు నేనే, బల్లల కింద మోకాళ్ల మీద పాకుతూ. మొదట మోగింది నేను గుచ్చిన ఫోనే. ఎత్తిన రిసెప్షనిస్టు సెల్వి గుండె మీద చెయ్యి వేసుకుని, “సరోజక్క వచ్చేసింది పా, ఇంక భయం లేదు!” అంది. తప్పు నాదే అయినా ఒళ్లు మండింది.

సాయంత్రం ఓనరు నిలదీస్తే సరోజక్క, “గడువు నేను చూసుకోలా సార్. నా తప్పే” అంది. నా వైపు చూడనైనా చూడలేదు. చివరికి నా తప్పును కూడా ఆమే కొట్టేసింది. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినందుకు అసూయ ఇంకా పోలేదు.

ఆమె ఉద్యోగం మానేసి విల్లియనూరులో స్థిరపడింది. ఆ ఫోన్లన్నీ నేనే కాపాడానని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఒక చోట బల్లిని ఉడుముగా కూడా పెంచాను. గడువు మాత్రం మళ్లీ రెండు నిమిషాలే. రోజూ తొమ్మిదింటికి సెంటరుకు ఫోను చేస్తాను.

“ఉండారా?”

“ఉండాం సార్. సరోజక్క ఆఫీసు కదా?” అంటుంది సెల్వి, ఇప్పటికీ.

గొంతు దాకా పది కథలొస్తాయి.

“అవునమ్మా” అంటాను.