తాండ్ర లోపలి నీలం

మొన్న వైశాలి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర మా మనవరాలు ప్యాకెట్టులోంచి రబ్బరులా సాగే పండు మిఠాయి ఒకటి తీసి కొరికితే, లోపలి రసం చిమ్మి నా చొక్కా మీద పడింది. "తాతా, దేఖో నా, అందర్ జ్యూస్ హై!" అని అది నవ్వుతుంటే నేను మాత్రం దాని గడ్డం పట్టుకుని నాలుక చూశాను. "క్యా తాతా!" అని విదిలించుకుంది. ఇలాంటి మిఠాయే ఒకప్పుడు మేమూ చేయబోయామని, దాని తల్లి నోరూ నేనిలాగే తెరిచి చూశానని దానికి తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సాహిబాబాద్‌లో ఒక చిన్న మిఠాయిల ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పని నాది. పైకి పొడిగా ఉండి, కొరికితే రసం వచ్చే మిఠాయి కావాలని యజమాని పట్టుబట్టాడు. పై తొడుగుకి మన మామిడి తాండ్ర వాడదామన్నది నా సలహా. పలుచటి తాండ్రలో చిక్కటి రసం నింపి అంచులు నొక్కి మూసేవాడు మా పంజాబీ మేస్త్రీ. మూడు నెలలు అది కారుతూనే ఉంది. ఎక్కడ కారుతోందో తెలియడానికి కొన్నింటిలో రసానికి బదులు బట్టల నీలిమందు కలిపిన నీళ్లు నింపి తెల్లకాగితం మీద ఉంచేవాళ్లం.

డబ్బాల మీద నేను తేదీ ఒక్కటే రాసేవాణ్ణి. తక్కిన వివరమంతా డైరీలో ఉండేది. చుక్క కూడా కారని మొదటి విడత వచ్చిన రోజున, ఆ సంతోషంలో ఒక డబ్బా నాలుగేళ్ల మా అమ్మాయి కోసం కరోల్ బాగ్‌లోని అద్దెగదికి పట్టుకెళ్లాను. మర్నాడు ఫ్యాక్టరీలో డైరీ తెరిస్తే ఆ తేదీ కింద రెండు డబ్బాలున్నాయి: ఒకటి రసానిది, ఒకటి నీలిమందుది. బల్ల మీద మిగిలిన డబ్బాలోంచి ఒకటి తీసి కోశాను. మామిడి రసం వచ్చింది.

వెంటనే ఇంటికి బయల్దేరిన ఆ బస్సు ప్రయాణం ఇన్నేళ్లయినా డైరీలో రాయలేదు. ఇంట్లో ఫోను లేదు, నది వంతెన మీద బస్సు ఆగిపోయింది, నేను దిగి పరుగెత్తాను, మళ్లీ ఇంకో బస్సెక్కాను.

"అదేంటండీ, అప్పుడే వచ్చేశారు?" అంది మా ఆవిడ.

"డబ్బా ఏదీ?"

"ఇందాకే పిల్లకిచ్చాను."

గడప మీద కూర్చున్న పిల్ల నన్ను చూసి నోరు బిగించింది. తెరిపిస్తే నాలుకంతా నీలం. "చేదుగా ఉంది నాన్నా," అంది.

ఎత్తుకుని వీధి చివరి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నీళ్లలో నీలిమందు ఎంత కలిపామని ఆయన అడిగితే, డైరీలో రాసినది రాసినట్టు చెప్పాను. పిల్ల మింగింది ఒక్కటే. సాయంత్రం దాకా తన కళ్లెదుటే ఉంచమన్నాడు. డాక్టరు గది బల్ల మీద కూర్చుని దాని నాలుక ఎన్నిసార్లు చూశానో. పొద్దువాలే వేళకి జిలేబీ కావాలని పేచీ పెట్టింది. మా వెనకే వచ్చిన మా ఆవిడ అప్పుడు ఏడ్చింది.

"తారీఖు రాశావు, అచ్ఛా! లోపల ఏముందో నీ డైరీ వచ్చి చెబుతుందా బాబూ?" అన్నాడు మర్నాడు మేస్త్రీ. సంగతి తెలిసి యజమాని ఆ మిఠాయి మాట ఎత్తడమే మానేశాడు. అది బజారు ముఖం చూడలేదు.

ఇప్పటి ప్యాకెట్ల మీద లోపల ఏముందో చీమల్లాంటి అక్షరాల్లో అంతా రాస్తున్నారు, మంచిదే. కానీ ఆ రోజుల్లో మిఠాయి చేసినవాడు మొదటి ముక్క తన ఇంటికే పట్టుకెళ్లేవాడు. నా పొరపాటూ అలా వెళ్లిందే. మా మనవరాలు కొరికిన ఈ మిఠాయి చేసినవాడికీ ఎక్కడో ఒక పిల్ల ఉండే ఉంటుంది. ఆ పిల్ల దీన్ని తిన్నదో లేదో మాత్రం ఏ ప్యాకెట్టు మీదా రాయరు.